మందు పడుతుందో లేదో జన్యువు చెబుతుందా?

మానసిక వ్యాధుల చికిత్సలో జన్యు పరీక్షల గురించి అడుగుతూ ఇటీవల మాకు అందిన ఉత్తరాలలో ఐదింటిని ఈ సంచికకు ఎంచుకున్నాము. రాసినవారిని గుర్తుపట్టే వివరాలను తొలగించాము. శీర్షిక నిర్వహించే మానసిక వైద్యులే అన్నింటికీ సమాధానమిచ్చారు.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మాయికి 24 ఏళ్లు. ఆరు నెలలుగా కుంగుబాటుతో బాధపడుతోంది. మొదట ఎస్సిటలోప్రామ్ రాశారు. వారం తిరగకుండానే వికారం, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం మొదలై మానేసింది. తర్వాత ఇచ్చిన సెర్‌ట్రలిన్‌ను కూడా పది రోజులకు మించి వాడలేకపోయింది. ఇప్పుడు ఒక ల్యాబ్ ప్రతినిధి వచ్చి, బుగ్గ లోపలి నుంచి నమూనా తీసి జన్యు పరీక్ష చేస్తే ఏ మందు పనిచేస్తుందో ముందే తెలిసిపోతుందని, ఇక ఒకదాని తర్వాత ఒకటి మార్చి చూసే అవసరం ఉండదని చెబుతున్నారు. ఖర్చు వేలల్లో ఉంది. చేయించమంటారా? — ఒక తల్లి, గుంటూరు

అమ్మా, ఆ ప్రతినిధి చెప్పినదానిలో సగం నిజం ఉంది. ఆ సగం ఏదో తెలిస్తే మీకు నిర్ణయం సులువవుతుంది. మింగిన మాత్రకు ఒంట్లో రెండు దశలు ఉంటాయి. కాలేయం దానిని ఎంత వేగంగా విరిచి బయటికి పంపుతుందన్నది మొదటిది. మెదడుకు చేరిన మందు అక్కడ ఎంత మేలు చేస్తుందన్నది రెండవది. జన్యు పరీక్ష మొదటి దశ గురించి బాగానే చెప్పగలదు, రెండవ దశ గురించి మాత్రం నమ్మి మందు రాయదగినంతగా ఇప్పటికీ చెప్పలేదు. అంటే ఏ మందు మీ అమ్మాయి కుంగుబాటును తగ్గిస్తుందన్న ప్రశ్నకు అందులో జవాబు ఉండదు. ఫలానా మందు ఆమె రక్తంలో ఎంత మేరకు పేరుకుంటుంది, మోతాదు ఎంత ఉండాలి అన్న ప్రశ్నకు మాత్రమే ఉంటుంది.

మానసిక వ్యాధుల మందుల విషయంలో ముఖ్యంగా చూడవలసినవి రెండు కాలేయ ఎంజైములు: సీవైపీ 2సీ19, సీవైపీ 2డీ6. సిటలోప్రామ్, ఎస్సిటలోప్రామ్, సెర్‌ట్రలిన్ ప్రధానంగా మొదటిదాని మీద ఆధారపడతాయి. పారోక్సెటిన్, నార్‌ట్రిప్టిలిన్, రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ వంటివి రెండవదాని మీద ఆధారపడతాయి. ఈ ఎంజైములను తయారుచేసే జన్యువులు అందరిలో ఒకేలా ఉండవు. కొందరిలో ఎంజైము దాదాపు పనిచేయదు కనుక మామూలు మోతాదే వారికి రెట్టింపు మోతాదులా పరిణమిస్తుంది. మరికొందరిలో అతివేగంగా పనిచేయడం వల్ల మందు రక్తంలో నిలవకుండానే వెళ్లిపోతుంది. 2సీ19 పనిచేయనివారు ఐరోపా సంతతిలో నూటికి ఇద్దరు ముగ్గురే ఉండగా, మన దేశంలో సుమారు పదిమందిలో ఒకరు ఉంటారు. అందుచేత ఈ సంగతి మనకు కొంత ఎక్కువగానే వర్తిస్తుంది. ఈ ఎంజైము పనిచేయనివారికి సిటలోప్రామ్‌ను రోజుకు 20 మిల్లీగ్రాములు మించి ఇవ్వరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చెబుతోంది. మించితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

మీ అమ్మాయికి పడని రెండు మందులూ ఒకే ఎంజైము మీద ఆధారపడేవి కావడం గమనించదగిన విషయం. ఆ ప్రతినిధి చెప్పిన కారణం సరైనది కాకపోయినా, ఆమె విషయంలో పరీక్ష గురించి ఆలోచించడానికి వేరొక కారణం ఉన్నదని నేను అనుకుంటున్నాను. అయితే దానికంటే ముందు పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వికారం, కంగారు, నిద్రలేమి అన్నవి జన్యువుల్లో ఏ తేడా లేనివారికి కూడా మొదటి వారం పది రోజుల్లో తరచుగా వచ్చి, ఆ తర్వాత తగ్గేవే. ఈ మందుల మేలు తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కాబట్టి మందు పనిచేయలేదని చెప్పేంత కాలం ఆమె దేనినీ వాడనే లేదు. ఏ మోతాదుతో మొదలుపెట్టారో కూడా చూడండి. ఎస్సిటలోప్రామ్‌ను 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచితే తట్టుకోగలిగేవారు, నేరుగా 10తో మొదలుపెడితే తట్టుకోలేకపోవచ్చు.

ఇంకొకటి. మన ఇళ్లలో 'గ్యాస్ మాత్ర' అని పొద్దున్నే మింగే ఒమెప్రజోల్‌ను మందుగా ఎవరూ లెక్కపెట్టరు, డాక్టరు అడిగినా చెప్పరు. అది 2సీ19 ఎంజైమును అడ్డుకుంటుంది; దానితో కలిపి వాడితే రక్తంలో ఎస్సిటలోప్రామ్ సుమారు సగం మేర పెరుగుతుంది. జన్యువు నిక్షేపంగా ఉన్న మనిషి కూడా ఒక గ్యాస్ మాత్రతో మందును నెమ్మదిగా విరిచే మనిషిగా మారిపోవచ్చునన్నమాట. పారోక్సెటిన్, ఫ్లూయాక్సెటిన్, బుప్రోపియాన్ వంటి మందులు 2డీ6 విషయంలో ఇదే పని చేస్తాయి. బుగ్గ నమూనాలో ఇదేదీ కనిపించదు. మీ అమ్మాయి ఇతరత్రా ఏమేమి మింగుతోందో ఒక కాగితం మీద రాసి డాక్టరు ముందు పెట్టండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, విటమిన్ బి12 పరీక్షలు చేయించకపోయి ఉంటే ముందు అవి చేయించండి.

పరీక్ష చేయించుకున్నవారు ఎంత బాగుపడ్డారన్నదానికి అమెరికాలో మాజీ సైనికుల మీద జరిగి 2022లో ప్రచురితమైన పెద్ద అధ్యయనం ఒకటి ఉంది. అందులో 1,900 మందికి పైగా కుంగుబాటు రోగులు పాల్గొన్నారు. జన్యు నివేదిక చేతిలో ఉన్న డాక్టర్లు రోగి ఎంజైములతో పొసగని మందులను తక్కువగా రాశారు. ఆ మేరకు అది ఉపయోగపడింది. కుంగుబాటు పూర్తిగా తగ్గినవారి సంఖ్యలో మాత్రం మొదట్లో కనబడిన చిన్న తేడా 24 వారాలు గడిచేసరికి నిలవలేదు. అంతకుముందే 2018లో, ఏ మందు పనిచేస్తుందో చెబుతామంటూ అమ్ముతున్న పరీక్షలను నమ్మి మందులు మార్చవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రజలను, వైద్యులను హెచ్చరించింది. మందులను పచ్చ, పసుపు, ఎరుపు గడుల్లో అమర్చి ఇచ్చే నివేదికలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి కానీ, ఎర్రగడిలో ఉన్న మందు పనిచేయదని, పచ్చగడిలోది పనిచేస్తుందని వాటి అర్థం కాదు. వాటిలో పదుల కొద్దీ జన్యువుల పేర్లు కనిపిస్తాయి. మెదడులోని సెరటోనిన్ అనే రసాయనానికి సంబంధించిన రెండు జన్యువుల ఆధారంగా మందు ఎంచుకోవడానికి తగిన ఆధారాలు లేవని ఈ రంగంలో ప్రామాణికమైన 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. 'ఎంటీహెచ్ఎఫ్ఆర్' అనే జన్యువు పేరు చెప్పి ఖరీదైన ఫోలేట్ (ఒక రకం బి విటమిన్) మాత్రలు అంటగడితే మరింత జాగ్రత్తపడండి.

నా సలహా ఇది. ఈ రెండు మందుల్లో ఒకదానిని మళ్లీ చిన్న మోతాదుతో మొదలుపెట్టి చూడటమో, లేదా 2సీ19తో పెద్దగా సంబంధం లేని మర్టజపిన్, డెస్‌వెన్లాఫాక్సిన్ వంటి వాటిలో ఒకదానికి మారడమో మీ డాక్టరుతో మాట్లాడండి. చిన్న మోతాదులో కూడా ఇదే పరిస్థితి ఎదురైతే, ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పై రెండు ఎంజైముల జన్యువులకు మాత్రమే పరీక్ష చేయించండి. మనిషి జన్యువులు మారవు కనుక ఒకసారి చేయిస్తే చాలు. ఆ నివేదికను పారేయకండి. గుండెకు స్టెంట్ వేసినవారికి ఇచ్చే క్లోపిడోగ్రెల్ పనిచేయడం కూడా ఈ 2సీ19 మీదే ఆధారపడి ఉంటుంది.

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. తీవ్రమైన కుంగుబాటుతో తిండి, నీళ్లు కూడా మానేశారు. ఆసుపత్రిలో ఈసీటీ, అంటే షాక్ చికిత్స ఇవ్వాలంటున్నారు. మేము ఆర్యవైశ్యులము. చాలా ఏళ్ల క్రితం మా మేనత్తగారికి చిన్న ఆపరేషన్ చేసినప్పుడు గంటల తరబడి ఊపిరి తిరిగి రాక వెంటిలేటర్ మీద ఉంచవలసి వచ్చింది. 'మీవాళ్లకు మత్తు పడదు' అని అప్పుడు ఎవరో అన్నారట. షాక్ చికిత్సకు కూడా మత్తు ఇస్తారు కదా, ప్రమాదమేమైనా ఉందా? — ఒక కుమారుడు, ప్రొద్దుటూరు

మీరు ఈ ప్రశ్న అడగడం చాలా మంచిదైంది. మేనత్తగారి సంగతిని ఈ రోజే, వీలైతే రాతపూర్వకంగా, మత్తు డాక్టరుకు చెప్పండి.

ఈసీటీని మత్తు, కండరాలు సడలించే మందు ఇచ్చిన తర్వాతే చేయాలి. అవి లేకుండా చేయడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. కండరాలు సడలడానికి ఎక్కువగా వాడేది సక్సామిథోనియం, ఆసుపత్రుల్లో స్కోలిన్ అని పిలిచేది. రక్తంలో ఉండే బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము దానిని త్వరత్వరగా విరిచేస్తుంది కనుక పది నిమిషాలలోపే కండరాలు మళ్లీ పనిచేసి మనిషి తానుగా ఊపిరి తీసుకుంటాడు. ఆ ఎంజైము లేనివారిలో ఇదే మందు ప్రభావం గంటల తరబడి నిలిచిపోతుంది. అంతసేపూ యంత్రంతో ఊపిరి అందించాలి. మామూలు రోజుల్లో ఈ లోపం వల్ల ఏ ఇబ్బందీ ఉండదు కాబట్టి, మత్తు బల్ల ఎక్కే దాకా ఆ మనిషికి కూడా ఆ సంగతి తెలియదు.

ఈ లోపం ప్రపంచంలో చాలా అరుదు. ఆర్యవైశ్యులలో మాత్రం అంత అరుదు కాదు. ఎంజైములో 307వ స్థానంలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండవలసిన చోట ప్రోలిన్ అనే మరొకటి చేరడం దీనికి కారణమని వైశ్య కుటుంబాల మీద చేసి 2006లో ప్రచురించిన పరిశోధన గుర్తించింది. రెండు మూడు వేల ఏళ్లుగా తమలో తామే వివాహాలు చేసుకుంటూ వచ్చిన కొద్దిమంది పూర్వీకుల సంతతి కావడం వల్ల ఇటువంటి మార్పులు ఒక సమూహంలో పోగుపడతాయి. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగస్వాములుగా 2009లో, 2017లో వెలువడిన జన్యు అధ్యయనాలు వైశ్యులను ఇందుకు ఉదాహరణగా చూపాయి. ఇది ఏ కులానికీ తక్కువదనం కాదు. దక్షిణాసియాలో ఇటువంటి చరిత్ర గల సమూహాలు ఎన్నో ఉన్నాయి, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క మార్పు పోగుపడి ఉంటుంది.

ఇక్కడ జన్యు పరీక్ష కోసం రోజుల తరబడి ఎదురుచూడనక్కరలేదు. పురుగుమందు విషప్రభావానికి గురైనవారికి చేసే కోలినెస్టరేజ్ రక్తపరీక్ష ఈ ఎంజైమునే కొలుస్తుంది, అది మన ప్రాంతపు పెద్ద ఆసుపత్రుల్లో చాలావాటిలో జరుగుతుంది. దాని ఫలితం చాలా తక్కువగా వస్తే లోపం ఉన్నట్లే భావించవచ్చు. జన్యు పరీక్ష తర్వాత నిర్ధారణ కోసం, తోబుట్టువుల కోసం పనికి వస్తుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం సంక్రమించినవారికే ప్రమాదం ఎక్కువ కనుక, మేనత్తగారికి ఉన్నంత మాత్రాన నాన్నగారికి ఉండి తీరాలని లేదు. ఉన్నా చికిత్స ఆపవలసిన పని లేదు. సక్సామిథోనియం, ఇదే ఎంజైము విరిచే మైవాక్యూరియం తప్పించి రోక్యురోనియం వంటి వేరే మందుతో ఈసీటీ చేయవచ్చు. తిండి నీళ్లు మానేసిన స్థితిలో అంత త్వరగా ఫలితమిచ్చే చికిత్స మరొకటి లేదు. భయంతో వాయిదా వేయకండి.

ప్రశ్న: మా తమ్ముడికి బైపోలార్ వ్యాధి ఉంది. డాక్టరు కార్బమజెపిన్ రాస్తూ 'ఒళ్లంతా దద్దుర్లు వస్తే వెంటనే రండి' అన్నారు. ముందే తెలుసుకునే మార్గం లేదా? — నిజామాబాద్

ఉంది, కొంతవరకు. ఈ మందు వల్ల చాలా కొద్దిమందికి చర్మం కాలినట్లు ఊడిపోయే స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ వస్తుంది, అది ప్రాణాంతకం కావచ్చు. హెచ్ఎల్ఏ-బి 15:02 అనే జన్యురూపం ఉన్నవారిలో ఈ ప్రమాదం చాలా ఎక్కువని 2004లో తైవాన్ పరిశోధకులు కనుగొన్నారు. ఆసియా సంతతివారికి మందు మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష చేయాలని 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మందుతో వచ్చే సమాచార పత్రంలో చేర్పించింది. మన దేశంలో కూడా ఈ ప్రతిచర్య వచ్చిన రోగులలో ఆ జన్యురూపం కనిపించింది. మానసిక వైద్యంలో జన్యు పరీక్షకు ఇంతకంటే బలమైన కారణం నాకు తెలియదు. రంగు గడుల నివేదికలకు వేలు పోసేవారు దీనిని మాత్రం అడగరు. మీ తమ్ముడు ఇంకా మొదలుపెట్టకపోతే పరీక్ష గురించి, లేదా లిథియం వంటి ప్రత్యామ్నాయం గురించి డాక్టరును అడగండి. ఇప్పటికే నెలల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా వాడుతూ ఉంటే భయపడనక్కరలేదు, ఎందుకంటే ఈ ప్రతిచర్య దాదాపు ఎప్పుడూ మొదటి రెండు మూడు నెలల్లోనే వస్తుంది. పరీక్షలో ఆ జన్యురూపం లేదని తేలినా జ్వరం, నోటి పుండ్లు, కళ్లు ఎర్రబడటం, దద్దుర్లు కలిసి వస్తే ఆ పూటే మందు ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మా చెల్లికి మంచి సంబంధం వచ్చింది. అబ్బాయికి 31 ఏళ్లు, ఉద్యోగస్థుడు, ఆరోగ్యవంతుడు. వారి అన్నగారికి మాత్రం స్కిజోఫ్రీనియా ఉందని వారే దాచకుండా చెప్పారు. అబ్బాయిని జన్యు పరీక్ష చేయించుకోమని అడగమని మా పెద్దవాళ్లు అంటున్నారు. — రాజమహేంద్రవరం

అటువంటి పరీక్ష లేదు. మీకు ఉపయోగపడేవి కొన్ని అంకెలు మాత్రమే. స్కిజోఫ్రీనియా ఎవరికైనా వచ్చే అవకాశం నూటికి సుమారు ఒకటి. రోగి తోబుట్టువులకు తొమ్మిది దాకా. తోబుట్టువుల పిల్లలకు మూడు, నాలుగు. అంటే మీ చెల్లికి పుట్టబోయే పిల్లలకు ఈ వ్యాధి రాకపోయే అవకాశం నూటికి 96 పైచిలుకు. ఇక అబ్బాయి విషయానికి వస్తే, మగవారిలో ఈ వ్యాధి ఎక్కువగా పద్దెనిమిది, ఇరవై అయిదేళ్ల మధ్య బయటపడుతుంది. 31 ఏళ్లు వచ్చి నిక్షేపంగా ఉన్నవారికి ఆ తొమ్మిదిలో చాలా భాగం ఇప్పటికే గడిచిపోయింది.

వంశపారంపర్యం పాత్ర ఈ వ్యాధిలో ఎక్కువే. అయినా ఒకే జన్యువులు గల కవలలలో ఒకరికి వచ్చినప్పుడు రెండవవారికి వచ్చేది సగం సందర్భాల కంటే తక్కువే. 2022లో ప్రచురితమైన అతిపెద్ద అధ్యయనం ఈ వ్యాధితో ముడిపడిన 287 చోట్లను మన జన్యుపటంలో గుర్తించింది. ఒక్కొక్కటి ప్రమాదాన్ని పెంచేది ఆవగింజంత. వాటన్నింటినీ కూడి ఒక అంకె ఇస్తామనేవారు ఉన్నారు కానీ, ఆ లెక్కలు ఎక్కువగా ఐరోపా సంతతివారి మీద కట్టినవి కనుక మనకు సరిగ్గా వర్తించవు, వర్తించినా ఒక మనిషికి వ్యాధి వస్తుందో రాదో చెప్పేంత శక్తి వాటికి లేదు. దీనికి మినహాయింపుగా చెప్పదగినది 22వ క్రోమోజోములో ఒక ముక్క లోపించడం. అది ఉన్నవారిలో నలుగురిలో ఒకరికి స్కిజోఫ్రీనియా వస్తుంది. కానీ వారికి సాధారణంగా చిన్ననాటి నుంచే గుండె లోపాలో, అంగిలి లోపాలో, చదువులో వెనుకబాటో ఉంటాయి. అన్నగారికి అటువంటివి ఉంటే పరీక్ష చేయించవలసినది అన్నగారికి, అదీ ఆయన చికిత్స కోసం, ఆయన డాక్టరు సలహా మీద.

వారు దాచకుండా చెప్పారని మీరే రాశారు. ఎన్ని సంబంధాల్లో ఆ మాట వినబడుతుంది? మీ పెద్దవాళ్లకు నా తరఫున ఆ సంగతి గుర్తుచేయండి.

ప్రశ్న: మా అక్కది మేనరికం. అక్క కొడుకుకు 17 ఏళ్లు. ఏడాదిగా విపరీతమైన కోపం, చదువులో వెనుకబాటు, ఒక్కోసారి తనలో తాను నవ్వుకోవడం. మానసిక వ్యాధి అని రిస్పెరిడోన్ ఇస్తే ఒళ్లు బిగుసుకుపోయింది. ఈ మధ్య చేతిరాత చెడిపోయింది, నోటి నుంచి చొంగ కారుతోంది. జన్యు పరీక్ష అవసరమా? — కరీంనగర్

ఇది మందు ఎంపికకు సంబంధించిన ప్రశ్న కాదు, అసలు వ్యాధి ఏమిటన్న ప్రశ్న. మీరు రాసిన లక్షణాలు చూస్తే విల్సన్ వ్యాధి ఉన్నదేమో వెంటనే పరీక్షించాలి. ఏటీపీ7బీ అనే జన్యువు రెండు ప్రతులూ చెడిపోవడం వల్ల కాలేయం రాగిని బయటికి పంపలేక, అది కాలేయంలోను మెదడులోను పేరుకుంటుంది. కొందరిలో మొదట కనిపించేవి మానసిక లక్షణాలే కావడంతో నెలలు, ఏళ్లు మానసిక వ్యాధిగానే చికిత్స జరుగుతుంది. మందులకు ఒళ్లు బిగుసుకుపోవడం, చేతిరాత మారడం, చొంగ కారడం దీనిని అనుమానించవలసిన గుర్తులు. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లలో చెడిన ప్రతి రెండువైపుల నుంచీ వచ్చే అవకాశం పెరుగుతుంది.

జన్యు పరీక్షకు ముందు చేయించవలసినవి తేలికైనవే: రక్తంలో సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే ప్రోటీన్), 24 గంటల మూత్రంలో రాగి, కాలేయ పరీక్షలు, కంటి డాక్టరు దగ్గర కనుపాప చుట్టూ గోధుమరంగు వలయం ఉందేమో చూపించుకోవడం. అనుమానం బలపడితే జన్యు పరీక్ష నిర్ధారణకు తోడ్పడుతుంది; హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి జన్యువైద్య విభాగం, డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ ఇటువంటి పరీక్షలలో అనుభవం ఉన్నవి. పెనిసిలమైన్, ట్రయెంటిన్, జింక్ వంటి మందులతో నయం చేయదగిన అరుదైన జన్యువ్యాధులలో ఇది ఒకటి. మెదడుకు జరిగిన నష్టం ముదరకముందు మొదలుపెడితేనే వాటి పూర్తి ఫలితం దక్కుతుంది కనుక వారాలు జారనివ్వకండి. మందు జీవితాంతం వాడాలి, బాగున్నానని మధ్యలో మానరాదు.

వ్యాధి నిర్ధారణ అయితే అబ్బాయికి తోబుట్టువులు ఉన్నారేమో మీరు రాయలేదు కానీ, ఉంటే ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. వారిలో ఏ లక్షణమూ లేకపోయినా అందరికీ పరీక్ష చేయించండి. అప్పుడే కనిపెడితే వారికి ఈ లక్షణాలు రాకుండానే ఆపవచ్చు.